1942లో వైజాగ్ మీద బాంబులు పడిన రోజు బ్రిటిష్ నేవీ ఎక్కడుంది? అడ్మిరల్ సోమర్‌విల్ గురించి తెలిసినవాళ్లు చెప్పండి

వాల్తేరు అమ్మాయి:
మా నాయనమ్మ పోయి ఏడాదైంది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు వైజాగ్ హార్బరు మీద బాంబులు వేసినప్పుడు ఆవిడకి తొమ్మిదేళ్లు. వండిన అన్నం వండినట్టే వదిలేసి, ఆ రాత్రే ఎడ్లబండి కట్టుకుని శృంగవరపుకోట పోయారట. ఎప్పుడు చెప్పినా చివర ఒకటే మాట అనేది: "అంత నేవీ ఉందన్నారు, ఒక్క ఓడైనా రాలేదే అమ్మా." మొన్న విశాఖ మ్యూజియంలో ఆనాటి బాంబు చూసినప్పటి నుంచి ఆ మాట నన్ను వదలట్లేదు. అప్పుడు హిందూ మహాసముద్రంలో బ్రిటిష్ నౌకాదళానికి పెద్ద జేమ్స్ సోమర్‌విల్ అని చదివాను. క్షయ అని 1939లో రిటైర్ చేసేసిన మనిషట. అలాంటాయన్ని అక్కడ ఎందుకు పెట్టారు? ఆయన ఎందుకు రాలేదు?

కాకినాడ కుర్రాడు:
మా ఊరి మీదా అదే రోజు బాంబులు వేశారండి. సోమర్‌విల్ తన పెద్ద ఓడల్ని తూర్పు ఆఫ్రికాకి, బొంబాయికి తరలించేశాడు. మన తీరాన్ని గాలికొదిలేశాడనే అంటాను.

పాత సిగ్నల్‌మన్:
అమ్మా, నేను మన నేవీలో సిగ్నల్స్ శాఖలో పనిచేసి రిటైరయ్యాను. సోమర్‌విల్‌దీ అదే విద్య కాబట్టి ఆయన గురించి ఇష్టంగా చదువుకున్నాను.

పద్నాలుగేళ్లకే, 1897లో నేవీలో చేరాడు. వైర్‌లెస్ కొత్తగా వస్తున్న రోజులవి, దాన్నే పట్టుకున్నాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో టర్కీలోని డార్డనెల్స్ జలసంధి దగ్గర చేసిన వైర్‌లెస్ పనికి పతకం వచ్చింది. 1938లో ఈస్ట్ ఇండీస్ కమాండర్-ఇన్-చీఫ్ అయ్యాడు. మరుసటి ఏడాదే ఊపిరితిత్తుల జబ్బని ఇంటికి పంపేశారు. కొద్ది వారాలకే యుద్ధం మొదలైంది. ఆయన ఇంట్లో కూర్చోలేదు. రాడార్ పనిలో దిగాడు. ఫ్రాన్స్ తీరంలోని డన్‌కిర్క్ నుంచి సైన్యాన్ని ఇంగ్లండుకి దాటిస్తున్నప్పుడు, డోవర్‌లో ఆ పని నడిపిస్తున్న అడ్మిరల్ రామ్సే కాస్త కునుకు తీయాలంటే ఈయన ఆ కుర్చీలో కూర్చునేవాడు.

తర్వాత వచ్చిన పని మాత్రం ఏ నావికుడికీ రాకూడదు. 1940 జులై 3, అల్జీరియా తీరంలో మెర్స్-ఎల్-కెబిర్. ఫ్రాన్స్ లొంగిపోయింది, దాని ఓడలు జర్మన్ల చేతికి పోకూడదని చర్చిల్ ప్రభుత్వం పట్టు. నిన్నటిదాకా పక్కన నిలిచి పోరాడినవాళ్లు వాళ్లు. ఫ్రెంచి బాగా వచ్చిన కెప్టెన్ హాలండ్‌ని రాయబారం పంపాడు, సాయంత్రం దాకా ఆగాడు, చివరికి కాల్చక తప్పలేదు. 1,297 మంది ఫ్రెంచివాళ్లు పోయారు. ఆ పని తప్పని, తనకు సిగ్గుగా ఉందని భార్యకు రాసుకున్నాడు. ఆ ఉత్తరం సంగతి చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

1941 మేలో జర్మన్ యుద్ధనౌక బిస్మార్క్‌ని కదలకుండా చేసిన టార్పెడో విమానాలు ఆయన దళంలోని విమానవాహక నౌక ఆర్క్ రాయల్ నుంచి లేచినవే. అందుకే 1942 మార్చిలో ఈస్టర్న్ ఫ్లీట్ ఆయన చేతికిచ్చారు. చేతికొచ్చిందేమిటి? ఐదు యుద్ధనౌకలు, ఐదూ మొదటి యుద్ధం నాటివే, నీళ్లకీ నూనెకీ కటకట. విమానవాహక నౌకలు మూడు, అందులో హెర్మెస్ చిన్నది. ఎదురుగా జపాన్ అడ్మిరల్ నగుమో దగ్గర అలాంటివి ఐదు, పెర్ల్ హార్బర్‌లో ఆరితేరిన పైలట్లతో. పగలు ఎదురుపడితే సర్వనాశనం. పగలంతా దూరంగా ఉండి, రాత్రి రాడార్ ఉన్న ఆల్బకోర్ విమానాలతో కొట్టాలన్నది ఆయన ఆలోచన. వైర్‌లెస్ మనిషికి తట్టే ఆలోచన అది. నగుమో దొరకలేదు.

తప్పు చేయలేదనను. ఏప్రిల్ 1 ప్రాంతంలో దాడి వస్తుందని కాపు కాసి, రాకపోయేసరికి మాల్దీవుల్లోని అడ్డు అటాల్‌కి వెళ్లాడు. డోర్సెట్‌షైర్, కార్న్‌వాల్ అనే రెండు క్రూయిజర్లనీ, హెర్మెస్‌నీ విడగొట్టి సిలోన్ (ఇప్పటి శ్రీలంక) పంపాడు. నాలుగున ఒక కెటలీనా విమానం జపాన్ ఓడల్ని చూసింది. ఐదున కొలంబో మీద దాడి, ఆ మధ్యాహ్నమే రెండు క్రూయిజర్లూ మునిగాయి. తొమ్మిదిన హెర్మెస్. ఆ ఓడల్ని పంపడం పొరపాటే.

కాకినాడ బాబూ, మన తీరానికొచ్చింది నగుమో కాదు, ఒజావా అనే ఇంకో జపాన్ అడ్మిరల్. ర్యూజో అనే చిన్న విమానవాహక నౌకతో బంగాళాఖాతంలో తిరిగి, ఇరవైకి పైగా సరుకు ఓడల్ని ముంచాడు. సోమర్‌విల్ అటు వచ్చేవాడే అయితే మధ్యలో నగుమోని దాటాలి. ఆయన వెనక్కి తగ్గి ఫ్లీట్‌ని నిలబెట్టాడు. 1944లో విమానవాహక నౌకలతో సుమత్రా పక్క సబాంగ్ మీద రెండుసార్లు దాడి చేయగలిగాడంటే ఆ నిర్ణయం వల్లే. 1945 మే 8న అడ్మిరల్ ఆఫ్ ద ఫ్లీట్ అయ్యాడు. 1949లో పోయాడు.

కాకినాడ కుర్రాడు:
ఒజావా సంగతి నాకు తెలియదు మాస్టారూ. కానీ ఇక్కడివాళ్లకి ముందుగా ఒక్క మాటైనా చెప్పలేదన్న బాధ మాత్రం నాకు పోదు.

పాత సిగ్నల్‌మన్:
పోనక్కర్లేదు బాబూ. నాకూ పోలేదు.

వాల్తేరు అమ్మాయి:
మాస్టారూ, ఒక్కటి చెప్పండి. సరిగ్గా ఏప్రిల్ 6న, మా నాయనమ్మ వాళ్లు బండి కట్టుకుంటున్నప్పుడు, ఆయన ఓడలు ఏం చేస్తున్నాయి?

పాత సిగ్నల్‌మన్:
సిలోన్‌కి నైరుతి దిక్కున మనుషుల్ని ఏరుకుంటున్నాయమ్మా. మునిగిన రెండు క్రూయిజర్ల వాళ్లు దాదాపు ముప్పై గంటలు నూనె తెట్టుల మధ్య నీళ్లలో ఉన్నారు. నగుమో ఇంకా ఎక్కడున్నాడో తెలియకపోయినా, సోమర్‌విల్ ఎంటర్‌ప్రైజ్ అనే క్రూయిజర్‌నీ రెండు డిస్ట్రాయర్లనూ వాళ్ల కోసం పంపాడు. ఆ సాయంత్రానికి 1,122 మందిని బతికించి పైకి తెచ్చారు.