నిర్గమకాండము 23:12: “ఊరక యుండవలెను” అంటే ఏం చేయమని?

నుడిగుడి:
అందరికీ వందనాలు. బైబిల్ పాత తెలుగు అనువాదంలో వచనం ఇది: “ఆరు దినములు నీ పనులు చేసి, నీ యెద్దును నీ గాడిదయు నీ దాసి కుమారుడును పరదేశియు విశ్రమించునట్లు ఏడవ దినమున ఊరక యుండవలెను.” ఎద్దూ గాడిదా విశ్రమించాలట, యజమాని మాత్రం ఊరక ఉండాలట. ఒకే వాక్యంలో రెండు మాటలెందుకు పడ్డాయి? మూలంలోనే తేడా ఉందా, చెప్పిన మాటే మళ్ళీ చెప్పడం ఎందుకని అనువాదకులు మార్చారా?

మూలభాష:
మూలంలోనే ఉందండీ. హెబ్రీలో రెండు కాదు, మూడు క్రియలున్నాయి. యజమానికి వాడింది ‘షబత్’, ఎద్దుకూ గాడిదకూ ‘నూఅహ్’, దాసి కొడుకుకూ పరదేశికీ ‘నఫష్’. చివరి రెండిటినీ తెలుగులో ‘విశ్రమించు’లోనే కలిపేశారు.

షబత్ అంటే ఆపడం, మానడం. అలసటతో దానికి సంబంధం లేదు. దీనికి సాక్ష్యం తెలుగు బైబిల్లోనే దొరుకుతుంది. యెహోషువ 5:12లో కనాను పంట తిన్న మర్నాడే “మన్నా మానిపోయెను” (మన్నా అంటే ఎడారిలో దేవుడు రోజూ ఇచ్చిన ఆహారం). అక్కడున్నది ఇదే క్రియ. ఆదికాండము 8:22లో వేసవి శీతకాలాలు, రాత్రింబగళ్ళు “ఉండక మానవు” అన్నచోటా ఇదే. కీర్తన 46:9లో “యుద్ధములు మాన్పువాడు” అన్నది దీని ప్రేరణార్థకం. మన్నా అలిసిపోయి ఆగలేదు కదా!

నూఅహ్ అంటే కుదురుకోవడం, ఒకచోట నిలవడం. ఆదికాండము 8:4లో ఓడ అరారాతు కొండల మీద నిలిచినప్పుడు ఈ క్రియే వాడారు.

నఫష్ అరుదు. ఈ క్రియారూపం పాత నిబంధన మొత్తంలో మూడుచోట్లే కనిపిస్తుంది: ఇక్కడ, నిర్గమ 31:17లో, 2 సమూయేలు 16:14లో. మూడోది అబ్షాలోముకు దొరక్కుండా పారిపోతున్న దావీదు, అతని మనుషులు బడలికతో ఒకచోట ఆగిన సందర్భం. ప్రాణం అనే అర్థమిచ్చే ‘నెఫెష్’కు ఇది చుట్టం. మన వాడుకలో చెప్పాలంటే ఊపిరి పీల్చుకోవడం.

పదబంధు:
అయితే ‘విశ్రాంతి’ అన్న మాటే కాస్త పక్కదారి పట్టిస్తుందన్నమాట. దాని ధాతువు శ్రమ్. శ్రాంతి అంటే అలసట, అది వీడితే విశ్రాంతి. (ఆశ్రమమూ ఈ ధాతువు నుంచే వచ్చింది.) అంటే ముందు అలసిపోతేనే విశ్రాంతికి అర్హత అన్న భావం మాటలోనే ఉంది. ఆదికాండము 2:2లో దేవుడు “విశ్రమించెను” అని చదవగానే సండే స్కూల్ పిల్లలు అడిగే మొదటి ప్రశ్న ‘దేవుడు అలిసిపోయాడా?’ అనే. యెషయా 40:28 ఆయన సొమ్మసిల్లడు, అలయడు అంటోంది. ‘మానెను’ అని ఉంటే ఆ ప్రశ్నే పుట్టేది కాదు.

మూలభాష:
నిజమే. అందుకేనేమో నిర్గమ 31:17లో “పనిమాని విశ్రమించెను” అని రెండూ పెట్టారు. అక్కడ షబత్, నఫష్ పక్కపక్కనే ఉన్నాయి. అది చక్కటి అనువాదం.

ఆచరణలో ఇది పెద్ద తేడానే. నిర్గమ 34:21 చూడండి. దున్ను కాలమైనా కోత కాలమైనా ఏడో రోజు ఆగాల్సిందే. రైతుకు ఒక్క పూట కూడా వదులుకోలేని రోజులవి. అలసటను బట్టి ఆగేట్టయితే ఆ ఆజ్ఞ పంట ఇల్లు చేరాక వచ్చేది. ఇది క్యాలెండర్‌ను బట్టి వచ్చేది. ‘ఈ కూటాలు అయిపోయాక చూద్దాం’ అనుకునే దైవసేవకుడికి (పాస్టరుకు) ఆ ‘అయిపోయాక’ ఎప్పటికీ రాదు.

వంటిల్లు:
ఒక సందేహమండీ. ఆదివారం ఆరాధన అవగానే ప్రేమ విందు. రెండు వందల మందికి అన్నం, కూర, సాంబారు వండేవాళ్ళు తెల్లవారుజామున నాలుగింటికే పొయ్యి దగ్గరుంటారు. ప్రసంగం విశ్రాంతి దినం మీదే, వాళ్ళకు మాత్రం అది వినబడదు. ఈ వచనం ప్రకారం వాళ్ళు ఏ వరుసలోకి వస్తారు?

మూలభాష:
నేరుగా దాసి కొడుకు వరుసలోకే. వాక్య నిర్మాణం చూడండి, “విశ్రమించునట్లు”. యజమాని మానడానికి కారణం యజమాని కాదు. అతను మానితే గానీ కిందివాళ్ళకు ఊపిరాడదు. ద్వితీయోపదేశకాండము 5:15 చెప్పే కారణమూ ఇదే: నువ్వు ఐగుప్తులో దాసుడివి, గుర్తుంచుకో అని. మా ఇంట్లో, మా సంఘంలో ఆ రోజు ఎవరు మానలేకపోతున్నారు అని అడిగితే ఆజ్ఞ ఎక్కడ తప్పుతోందో తెలిసిపోతుంది.

దీనికి దారి నిర్గమ 16లోనే ఉంది. రోజూ తలకు ఒక ఓమెరు (అప్పటి కొలత) మన్నా, ఆరో రోజు రెండేసి. కాల్చుకునేది కాల్చుకోండి, వండుకునేది వండుకోండి, మిగిలింది రేపటికి ఉంచుకోండి అన్నాడు మోషే. మామూలు రోజుల్లో మిగిలిస్తే పురుగుపట్టి కంపు కొట్టేది, ఆ ఒక్క రాత్రి చెడలేదు. అయినా ఏడో రోజు కొందరు ఏరుకోడానికి వెళ్ళి ఉత్త చేతులతో వచ్చారు. మార్కు 15:42లో ‘సిద్ధపరచు దినము’ అన్నది ఈ అలవాటుకే పేరు. ఆ లెక్కన ఆదివారానికి పులిహోర, పెరుగన్నం చాలు. చింతపండు పులుసు శనివారమే ఉడికించి పెట్టుకుంటే పొద్దున అన్నం వండి కలపడమే పని. పాత్రలు తోమడం ఈ వారం మగవాళ్ళు, వచ్చే వారం యువత. బిర్యానీ పెట్టాలంటే పండక్కి పెట్టండి.

కొత్తసభ్యుడు:
అసలు విశ్రాంతి దినం శనివారం కదా? ఆదివారం ఎలా అయింది?

పదబంధు:
అది వేరే చర్చండీ, ఇక్కడ తేలదు. ఒక్క ముక్క: 321లో కాన్‌స్టాంటైన్ చక్రవర్తి ఆదివారాన్ని సెలవు చేస్తూ చట్టం తెచ్చినప్పుడు పొలం పని చేసేవాళ్ళకు మినహాయింపు ఇచ్చాడు. నిర్గమ 34:21తో పోల్చి చూసుకోండి.

నుడిగుడి:
‘అలసట తీర్చుకొనుడి’ (మార్కు 6:31) సంగతేంటి? అదీ షబత్ కోవలోదేనా?

మూలభాష:
కాదు, అది గ్రీకు. మత్తయి 11:28లో “విశ్రాంతి కలుగజేతును” అన్నదీ అదే క్రియ, ‘అనపావో’. మార్కు దగ్గర తెలుగు భలే కుదిరింది. భోజనానికైనా తీరికలేని శిష్యులతో అన్న మాట మరి. తర్వాత జరిగింది కూడా చదవండి. దోనె ఒడ్డు చేరేలోపే జనం పరుగెత్తుకొచ్చేశారు, ఆ విశ్రాంతి కుదరలేదు. యేసు వాళ్ళను కసరలేదు, బోధించాడు, తినిపించాడు. తర్వాత శిష్యులను దోనె ఎక్కించి, జనాన్ని పంపేసి, తాను కొండకు వెళ్ళాడు (6:46). చెడిపోయిన ఏకాంతాన్ని ఆ సాయంత్రమే తిరిగి పట్టుకున్నాడు.

సంఘకార్యదర్శి:
చివరగా ఒక పని. మా అయ్యగారికి (పాస్టరుగారికి) వారానికో రోజు ఇవ్వాలని పెద్దలు తీర్మానించారు. నోటీసు బోర్డు మీద ‘సోమవారం అయ్యగారు విశ్రాంతిలో ఉంటారు’ అని రాయబోతే ఒకావిడ వద్దన్నారు.

పదబంధు:
ఆవిడ చెప్పింది రైటే. మన సంతాప పోస్టర్ల మీద ‘ప్రభువు విశ్రాంతిలో ప్రవేశించారు’ అని వేసి వేసి ఆ మాటకు ఆ వాసన పట్టేసింది. కనీసం ఒంట్లో బాగోలేదేమో అనుకుని అందరూ పండ్లు పట్టుకుని చూడటానికి వస్తారు, ఆ రోజు కాస్తా పోతుంది.

మూలభాష:
‘సెలవు’ అన్నా చిక్కే, సెలవులో ఉన్నవాళ్ళకు ఫోన్ చేయొచ్చనుకుంటారు. గంటలు వేయండి, ఎవరికి ఫోన్ చేయాలో వేయండి. అత్యవసరం అంటే ఏమిటో కూడా రాయాలి. లూకా 14:5లో గుంటలో పడిన ఎద్దును పైకి తీయడం తప్పు కాదు. చావు, ఆసుపత్రి అలాంటివి. ఫ్లెక్సీ ప్రూఫ్ చూడటం అలాంటిది కాదు. నేనైతే ఇలా రాస్తాను:

“ఆదివారం రాత్రి 8 నుంచి సోమవారం రాత్రి 8 వరకు అయ్యగారు, అమ్మగారు సంఘం పనులు మానుతారు. మరణం, ఆసుపత్రి అవసరమైతే ఆ వారం బాధ్యత ఉన్న పెద్దకు ఫోన్ చేయండి. మిగతావన్నీ మంగళవారం.”

వంటిల్లు:
అమ్మగారిని కూడా చేర్చారు. వందనాలండీ.