ఫ్లోరైడ్ మరకలున్న పళ్ళకి పంటి రంగు ఫిల్లింగ్ పట్టుద్దా? చేపించుకున్నోళ్ళు జర చెప్పున్రి

నల్గొండ_పిల్ల:

అందరికి నమస్తే. మాది నల్గొండ దగ్గర పల్లె, ఇప్పుడు హైదరాబాద్‌ల జాబ్ చేస్తున్న. చిన్నప్పుడు బోరు నీళ్ళే తాగినం కాబట్టి నా పళ్ళ మీద గోధుమ రంగు మరకలున్నయ్, అక్కడక్కడ సుద్ద లెక్క తెల్ల మచ్చలు గూడ ఉన్నయ్, మా ఊర్ల నా ఈడోళ్ళు శానామందికి ఇట్లనే ఉంటయ్ కాబట్టి ఎన్నడు పట్టించుకోలే. ఇప్పుడేందంటే పైన ముందు పళ్ళు రెండిటి మధ్యల నల్లగ పుచ్చు కనపడ్తుంది, కింద కుడి దవడ పన్నుల గూడ గుంట పడ్డది, మెతుకులు ఇరుక్కుంటున్నయ్, చల్ల నీళ్ళు తాగితె జివ్వుమంటది, నీళ్ళు మింగంగనే తగ్గిపోతది. రాత్రి నొప్పి అయితె లేదు.

క్లినిక్‌కి పోతె ఎక్స్‌రే తీసి రెండు చోట్ల పంటి రంగు ఫిల్లింగ్ పెడ్దాం అన్నరు, ఒక్కోదానికి 1500 అన్నరు. నా డౌట్లు ఏందంటే, నా పళ్ళ రంగే ఒక తీరుగ లేదు కదా, అండ్ల తెల్లది పెడితె అతుకు లెక్క కనపడదా? దవడ పన్నుకి ఆ తెల్లది ఆగుతదా, మటన్ బొక్కలు అవీ కొరుకుతం కదా? ఇంకోటి, ఎడమ దిక్కు ఇంటర్ల ఉన్నప్పుడు పెట్టించిన వెండి ఫిల్లింగ్ ఉంది, దాంట్ల పాదరసం ఉంటదంట, అది గూడ తీపిచ్చి తెల్లది పెట్టించుకోవాల్నా? మా అమ్మ ఏమో పుచ్చిన పన్ను పీకిపిస్తె పీడ పోతది అంటుంది. ముందు పన్ను పీకిపిచ్చుకోమంటదా ఏంది అని భయమైతుంది నాకు. తెలిసినోళ్ళు చెప్పున్రి ప్లీజ్.

కూకట్‌పల్లి_బ్యాచిలర్:

పీకించుకోకండి అక్కా, చల్లటిది తాగితేనే జివ్వుమంటుంది అంటే ఇంకా ఫిల్లింగ్‌తో పోయే స్టేజే అనుకుంటా. లేట్ చేస్తే రూట్ కెనాల్, పైన క్యాప్, అప్పుడు ఖర్చు చాలా రెట్లు అవుతుంది. నాకు దవడ పన్నుకి కాంపోజిట్, అదే ఆ పంటి రంగు ఫిల్లింగ్, పెట్టి చాలా ఏళ్ళయింది, ఇప్పటికీ బానే ఉంది, చికెన్ ముక్కలు అన్నీ తింటున్నా.

గుంటూరు_పళ్ళడాక్టర్:

నల్గొండ_పిల్ల గారూ, నేను ప్రాక్టీస్ చేస్తున్న డెంటిస్ట్‌ని, మాకు ప్రకాశం వైపు నుంచి ఫ్లోరోసిస్, అంటే నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్ళకి ఇలా మరకలు పడ్డ పేషెంట్లు చాలామంది వస్తారు కాబట్టి మీ ప్రశ్న నాకు బాగా తెలిసిన ప్రశ్న. నోట్లోకి చూడకుండా ఖాయంగా చెప్పలేను కానీ మీరు చెప్పిన లక్షణాలకి ఫిల్లింగ్ అనడం సరైన సలహాలాగే ఉంది. వేడిది తాగాక నొప్పి చాలాసేపు ఉండిపోయినా, రాత్రి దానంతట అదే లేచి నిద్ర చెడగొట్టినా అప్పుడు లోపల నరం దాకా వెళ్ళిందని అనుమానిస్తాం, మీకు అలా లేదు, మంచిది. అమ్మగారికి చెప్పండి, పీకించడం అనేది ఆఖరి మాట, ముందు పళ్ళు అసలే కాదు.

ముందుగా రంగు సంగతి, ఎందుకంటే మీ కేసులో అసలు విషయం అదే, చాలామంది ఇది అడగకుండా ఫిల్లింగ్ చేయించేసుకుని తర్వాత బాధపడతారు. ఆ మరకలు ఎప్పటికైనా తగ్గించుకోవాలని మీకు ఉందా? ఉంటే అది ముందు, ఫిల్లింగ్ తర్వాత. బ్లీచింగ్, అంటే మందు పెట్టి పళ్ళు తెల్లబరచడం, చేస్తే పన్ను రంగు మారుతుంది గానీ కాంపోజిట్ రంగు మారదు, ఇప్పుడు మీ పన్ను రంగుకి సరిపెట్టి ఫిల్లింగ్ చేయించుకుని వచ్చే ఏడు మరకలు తీయించుకున్నారనుకోండి, అప్పుడు ఫిల్లింగ్ ఒక్కటే పసుపుగా మిగిలిపోతుంది, మళ్ళీ తీసి మార్చాల్సిందే. పైగా బ్లీచింగ్ అయిన వెంటనే ఫిల్లింగ్ చేయకూడదు, పన్నులో ఆక్సిజన్ మిగిలి ఉండి పట్టు సరిగా రాదు, సుమారు రెండు వారాలు ఆగుతాం. మీ గోధుమ మరకలు పైపైనే ఉంటే మైక్రోఅబ్రేషన్ అని, యాసిడ్ కలిసిన గరుకు పేస్ట్‌తో పై పొర కొద్దిగా రుద్ది తీసే పద్ధతి ఉంది, దాంతోనే చాలా తేడా వస్తుంది. ఈలోగా పుచ్చు పెరగకుండా తాత్కాలికంగా సిమెంట్ పెట్టి ఉంచొచ్చు. మరకలు నాకేం ఇబ్బంది లేదు, ఇలాగే ఉంటాయి అంటే అది కూడా మంచి నిర్ణయమే, అప్పుడు ఉన్న రంగుకే కలుపుతాం. షేడ్ గైడ్ అని పళ్ళ ముక్కల వరుస ఉంటుంది, ఏ2, ఏ3 అలా నంబర్లు ఉంటాయి, పన్ను తడిగా ఉన్నప్పుడే, వీలైతే పగటి వెలుతురులో చూసి ఎంచాలి. పన్ను ఆరిపోతే ఉన్న రంగు కన్నా తెల్లగా కనిపిస్తుంది, అప్పుడు ఎంచితే తేడా కొడుతుంది. ఫిల్లింగ్ అవ్వగానే అద్దంలో చూసుకుని పన్ను ఒక రంగు ఫిల్లింగ్ ఒక రంగు ఉందని కంగారు పడేవాళ్ళు కూడా ఉంటారు, పన్ను మళ్ళీ తడి పీల్చుకునేదాకా ఒకరోజు ఆగి చూడండి.

పట్టుద్దా అన్నారు కదా, పట్టుద్ది. పని ఇలా జరుగుతుంది. పుచ్చు తీసేసి పన్ను మీద 37 శాతం దాకా ఉండే ఫాస్ఫారిక్ యాసిడ్ జెల్ కొన్ని సెకన్లు పెట్టి కడిగేస్తాం, ఎనామిల్, అంటే పన్ను పైన ఉండే గట్టి పొర, మీద కంటికి కనపడని రంధ్రాలు పడతాయి, బాండింగ్ ద్రవం వాటిల్లోకి దిగి గట్టిపడి పట్టుకుంటుంది. 1955లో అమెరికాలో బూనొకోర్ అనే ఆయన చూపించిన పద్ధతి ఇది, దీని మీదే ఇవాళ్టి కాంపోజిట్ పనంతా నడుస్తోంది. మామూలు ఎనామిల్‌కి 15 నుంచి 30 సెకన్లు చాలు. ఫ్లోరోసిస్ ఉన్న పన్ను పై పొరకి మాత్రం యాసిడ్‌ని తట్టుకునే గుణం ఎక్కువ, అంత తేలిగ్గా రంధ్రాలు పడవు, అందుకే మేం పై పొరని కొంచెం గరుకు చేసి యాసిడ్ ఇంకాసేపు ఉంచుతాం. మీ డాక్టర్‌కి మీది ఫ్లోరైడ్ ఊరు అని ఒక్క మాట చెప్పండి, చూస్తేనే తెలుస్తుంది ఆయనకి, అయినా చెప్పండి.

దవడ పన్నుకి కూడా ఆగుతుంది గానీ అక్కడ పనితనం ముఖ్యం. కాంపోజిట్ నీలి లైట్‌కి గట్టిపడుతుంది, గట్టిపడేటప్పుడు కొంచెం కుంచించుకుపోతుంది, అందుకని మామూలు మెటీరియల్ అయితే 2 మిల్లీమీటర్ల చొప్పున పొరలుగా పెట్టి ఒక్కో పొరకి లైట్ వేయాలి, బల్క్ ఫిల్ అనే రకం అయితే 4 మిల్లీమీటర్ల దాకా ఒకేసారి పెట్టొచ్చు. బాండింగ్ దగ్గర్నుంచి చివరిదాకా ఉమ్మి తగలకూడదు, ఒక్క చుక్క తగిలినా అక్కడ పట్టు పోయినట్టే. రబ్బర్ డ్యామ్ అని పన్ను చుట్టూ రబ్బరు షీట్ కడతారు, అది వాడతారా అని ధైర్యంగా అడగండి, ఏ మంచి డాక్టరూ దీనికి కోప్పడడు. పని నెమ్మదిగా చేస్తుంటే విసుక్కోకండి. ఇంకొకటి, పంటి రంగు అని చెప్పినవన్నీ ఒకటి కాదు, గ్లాస్ అయనోమర్ సిమెంట్ కూడా తెల్లగానే ఉంటుంది, జీఐసీ అంటాం, అది తేలిగ్గా అతుక్కుంటుంది, ఫ్లోరైడ్ వదులుతుంది, పిల్లల పళ్ళకీ చిగురు దగ్గర పుచ్చులకీ బాగుంటుంది, కానీ పెద్దవాళ్ళ దవడ పన్ను నమిలే చోట కాంపోజిట్ అంత గట్టిది కాదు, అరిగిపోతుంది. ధర కూడా తక్కువ. పెట్టేది ఏదో పేరు అడిగి బిల్లు మీద రాయించుకోండి.

వెండి ఫిల్లింగ్ బాగా ఉంటే ముట్టుకోవద్దు. అందులో సుమారు సగం పాదరసమే, నిజమే, కానీ అది మిగతా లోహాలతో కలిసి గట్టిపడి ఉంటుంది. డ్రిల్ పెట్టి తీసేటప్పుడే ఆవిరి ఎక్కువ వస్తుంది, దాంతోపాటు కొంత మంచి పన్ను కూడా పోతుంది. యూరోపియన్ యూనియన్‌లో 2025 జనవరి నుంచి, తప్పనిసరి కేసులకి తప్ప, కొత్తగా పెట్టడం ఆపేశారు, అది ముఖ్యంగా పర్యావరణంలోకి పాదరసం పోకుండా ఉండటానికి, నోట్లో ఉన్నవన్నీ పీకేయమని కాదు. అంచులు విరిగినా కింద మళ్ళీ పుచ్చు వచ్చినా అప్పుడు మార్చుకోవచ్చు.

తెనాలి_అమ్మడు:

డాక్టర్ గారు అంత వివరంగా చెప్పాక నేను చెప్పేదేం లేదు కానీ ఒక్కటి. ఫిల్లింగ్ అయ్యాక నాకు మత్తు ఇంకా దిగలేదు, అప్పుడే పళ్ళు కొరికి చూడమన్నారు, సరిగ్గా తెలియక బానే ఉంది అన్నాను, ఇంటికొచ్చి అన్నం తింటుంటే ఆ పన్నే ముందు తగులుతోంది, నమిలినప్పుడల్లా ప్రాణం పోయేంత నొప్పి, రూట్ కెనాలే అనుకుని ఏడ్చాను. మళ్ళీ వెళ్తే నీలి కాగితం కొరికించి ఎత్తుగా ఉన్నచోట కాస్త అరగదీశారు అంతే, సాయంత్రానికే సర్దుకుంది. కాబట్టి కొరికితే నొప్పి ఉంటే ఓర్చుకుని కూర్చోకుండా వెళ్ళండి. మత్తు దిగేదాకా ఏమీ తినకండి, పెదవి, బుగ్గ కొరుక్కున్నా తెలియదు.

డల్లాస్_తెలుగోడు:

టాపిక్‌కి కొంచెం పక్కన, కానీ ఇక్కడ అమెరికాలో ఉన్నవాళ్ళు చదువుతుంటే పనికొస్తుంది. ఇక్కడ చాలా డెంటల్ ఇన్సూరెన్స్ ప్లాన్లు వెనక పళ్ళకి కాంపోజిట్ పెట్టించుకున్నా వెండి ఫిల్లింగ్ రేటు ప్రకారమే కడతాయి, మిగతా తేడా మన జేబులోంచే, బిల్లు వచ్చాక తెలుస్తుంది చాలామందికి. ఇన్సూరెన్స్ వాళ్ళు ఎంత కడతారో తెలిసేలా ముందే ప్రీ ఎస్టిమేట్ పంపించమని క్లినిక్‌ని అడగండి. ఇండియా వెళ్ళినప్పుడు చేయించుకుందాం అని పుచ్చు పెట్టుకుని ఏడాది ఆగేవాళ్ళని చాలామందిని చూస్తున్నా, నా రూమ్మేట్ అలాగే ఆగి చివరికి ఇక్కడే ఎమర్జెన్సీలో రూట్ కెనాల్ చేయించుకున్నాడు, ప్లీజ్ అలా ఆగకండి.

నల్గొండ_పిల్ల:

డాక్టర్ గారు శానా థ్యాంక్స్, ఇంత ఓపికగ ఎవ్వరు చెప్పలే నాకు. మరకలు తీపిచ్చుకోవాల్నని ఎప్పట్నుంచో ఉండె, ఫొటోల నవ్వాలంటెనే నోరు మూసుకుంట నేను, కాని అది అయ్యే పనే కాదనుకున్న. అయితె ముందు అది అడుగుత. దవడ పన్నుకి మాత్రం లేట్ చెయ్యొద్దు కదా? జివ్వుమన్నప్పుడల్లా మా అమ్మ లవంగం నూనె దూదితోటి పెడ్తుంది, పర్వాలేదా? ఇంకోటి, ఇవన్ని కలిపితె ఖర్చు ఎక్కువైతది, తక్కువల ఏడనన్న చేస్తరా?

కూకట్‌పల్లి_బ్యాచిలర్:

అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా హాస్పిటల్ దగ్గర గవర్నమెంట్ డెంటల్ కాలేజ్ ఉంది కదా అక్కా, అక్కడ ఖర్చు చాలా తక్కువ. పొద్దున్నే వెళ్ళి ఓపీ రాయించుకోవాలి, జనం ఉంటారు, లీవ్ పెట్టుకునే వెళ్ళండి. ప్రైవేట్ డెంటల్ కాలేజీల్లో కూడా బయట క్లినిక్ కన్నా తక్కువే, స్టూడెంట్స్ చేస్తారు, పైన ప్రొఫెసర్ చూస్తారు.

గుంటూరు_పళ్ళడాక్టర్:

కాలేజ్ సలహా బాగుంది. పీజీ స్టూడెంట్స్ టైమ్ ఎక్కువ తీసుకుంటారు, కాంపోజిట్‌కి అది మంచిదే. అక్కడ కన్జర్వేటివ్ డెంటిస్ట్రీ డిపార్ట్‌మెంట్ అని అడగండి, ఫిల్లింగులూ మరకల పనీ రెండూ వాళ్ళే చూస్తారు.

దవడ పన్ను ఆపకండి, ఎలాగూ వెనకది ఎవరికీ కనపడదు, రంగు సంగతి దానికి అడ్డం కాదు, ఈ వారమే చేయించుకోండి. లవంగం నూనె నొప్పికి పనిచేస్తుంది, అబద్ధం కాదు, కానీ అందులో ఉండే యూజినాల్ కాంపోజిట్‌ని సరిగ్గా గట్టిపడనివ్వదు. కాబట్టి ఇప్పట్నుంచి ఆపేయండి, ఇన్నాళ్ళు పెట్టామని డాక్టర్‌కి చెప్పండి, బాగా శుభ్రం చేసి మొదలుపెడతారు. ముందు పళ్ళ మధ్య తాత్కాలిక సిమెంట్ పెట్టేటప్పుడు కూడా యూజినాల్ లేనిది పెట్టమనండి, తర్వాత కాంపోజిట్ వేయాలి కదా.

అమ్మగారు బోరు నీళ్ళ వల్ల ఇంకా మరకలు పెరుగుతాయేమో అని అడుగుతారు, చాలామంది అడుగుతారు. పన్ను చిగురులోపల తయారయ్యేటప్పుడే ఆ మరక పడుతుంది, మీ ముందు పళ్ళకి ఎనిమిదేళ్ళ వయసు వచ్చేసరికే ఆ పని అయిపోయింది, ఇప్పుడు ఏ నీళ్ళు తాగినా కొత్త మరకలు రావు. ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే మాత్రం వాళ్ళకి బోరు నీళ్ళు వద్దు, లీటర్‌కి 1.5 మిల్లీగ్రాముల కన్నా ఫ్లోరైడ్ ఎక్కువ ఉన్న నీళ్ళు తాగడానికి పనికిరావు, కుళాయికి వచ్చే శుద్ధి చేసిన నీళ్ళే పట్టండి.

నల్గొండ_పిల్ల:

మా అక్క కొడుక్కి మూడేండ్లు, ఊర్లనే ఉంటడు, ఇది ఇప్పుడే ఫోన్ చేసి చెప్తున్న. దవడ పన్నుకి శనివారం అపాయింట్‌మెంట్ తీసుకున్న, రబ్బర్ డ్యామ్ వాడ్తరా అని అడిగిన, వాడ్తం అన్నరు.