పొద్దు గూకితే యాడికి పోతాది?

(అనంతపురం నుంచి)
మా పాప యూకేజీ. మొన్న సాయంత్రం మా అమ్మ మిద్దె మీద ఒడియాలు తీస్తా "పొద్దు గూకుతాంది, దిగండి" అనింది. పాప ఊరుకుంటుందా, "గూకి యాడికి పోతాది జేజీ?" అని పట్టుకుంది. "కొండ ఎనకాల పండుకోను పోతాది" అని మా అమ్మ ఒక్క మాటతో తేల్చేసింది. నేను ఉండబట్టలేక సూర్యుడు ఎక్కడికీ పోడమ్మా, మనమే తిరుగుతాం అన్నాను. పాప కిందకు చూసి "యాడ తిరుగుతాంది, మిద్దె ఆడనే ఉందే!" అనింది. అంతే, నాకు మాట రాలేదు. భ్రమణం, పరిభ్రమణం అని చెప్దామంటే ఆ రెండూ పదో తరగతిలో నాకే తారుమారయ్యేవి. ఇంతకీ ఈ గూకడం అనే మాట ఎక్కడిది, దీన్ని ఉంచుకునే పిల్లకు అసలు సంగతి చెప్పొచ్చా?

(ప్రొద్దుటూరు నుంచి)
అన్నా, అది గ్రుంకు అనే పాత మాట. మునగడం అని అర్థం, గ్రుంకులిడడం అంటే నీళ్లలో మునకలేయడమే. అది గుంకు, కుంకు అయి మన నోట్లో గూకు అయింది. ఇక పొద్దు అంటే సూర్యుడొక్కడే కాదు, కాలం కూడా. ఒంటిపొద్దు ఉన్నామంటాం, పొద్దుపోలేదంటాం, వాటిలో సూర్యుడు ఎక్కడున్నాడు? తమిళంలో పొళుదు, కన్నడంలో హొత్తు, అన్నీ ఒక ఇంటివే.

(కర్నూలు నుంచి)
అంటే తప్పని తెలిసీ పిల్లల ముందు "పొద్దు మునిగింది" అనాలా సార్?

(కడప నుంచి)
సూర్యాస్తమయం అంటే మాత్రం ఒప్పా మరి? ఆర్యభటుడు 499లోనే, పడవలో పోయేవాడికి గట్టు మీదవి వెనక్కి పోతున్నట్టు కనబడతాయి, చుక్కలు పడమటికి పోవడమూ అట్లాంటిదే అన్నాడు. ఆయనా ఉదయాస్తమయాలు అనే మాట మానలేదు.

అన్నా, నేను ఒకటో తరగతి పిల్లలకు ఆత్మప్రదక్షిణ అని చెప్తా. గుళ్లో అందరూ చేసిందే కదా, భ్రమణమంటే అదే, గుడి చుట్టూ తిరిగేది పరిభ్రమణం. గది చీకటి చేసి ఒక్క బల్బు పెట్టండి. పాప భూమి, ముక్కు అనంతపురం. గుళ్లో కుడికి తిరుగుతాం, ఇక్కడ మాత్రం ఎడమకి మెల్లగా తిరగమనండి. బల్బు ఎడమ చెవి దగ్గర పుడుతుంది, ముక్కుకు ఎదురుగా వస్తే మధ్యాహ్నం, కుడి చెవి దగ్గర గూకుతుంది, వీపు తిరిగితే నడిరాత్రి. మిద్దె కదల్లేదంటే బస్సు గుర్తుచేయండి, ఒకే వేగంతో పోతుంటే నిద్ర పడుతుంది, బ్రేకేస్తేనే కదా తెలిసేది. మన అనంతపురం గంటకు దాదాపు 1600 కిలోమీటర్ల వేగంతో తిరుగుతోంది, బ్రేకు మాత్రం పడదు. పరిభ్రమణం ఆ రోజే ఎత్తొద్దు, సూర్యుడి చుట్టూ తిరగడం వల్లే రాత్రి వస్తుందని పిల్లలు కలిపేసుకుంటారు. చంద్రుడొస్తే రాత్రి అని కూడా చెప్పొద్దు, బహుళ అష్టమి నాడు పొద్దున బడికి పోతుంటే చంద్రుడు పైనే ఉంటాడు, వాళ్లు మనల్నే పట్టుకుంటారు.

(అనంతపురం నుంచి)
చేశాం అక్కా. నాలుగు చుట్లకే కళ్లు తిరిగి పాప కూలబడింది, లేచి నేరుగా మా అమ్మ దగ్గరికి పోయి "జేజీ, పొద్దు గూకలా, మనమే గూకినాం" అనింది. మా అమ్మ చేటలోంచి తల ఎత్తకుండా "ఎవరు గూకితే ఏమి, లైటెయ్యి" అనింది.