అమ్మ అన్నయ్యకి గిఫ్ట్ డీడ్ రాసిచ్చేసింది, ఆ ఇల్లు మళ్ళీ అమ్మ పేరు మీదకి వస్తుందా?

తెనాలి ఆడపడుచు:
అందరికీ నమస్కారం. నాన్న అమ్మ పేరు మీదే కట్టిన ఇల్లు, ఆయన పోయాక 2019లో అమ్మ దాన్ని అన్నయ్యకి గిఫ్ట్ డీడ్ రిజిస్టర్ చేసిచ్చేసింది, చూసుకునేది వాడే కదా అని నేనూ ఏం మాట్లాడలేదు. రెండేళ్ళు బానే ఉంది. ఇప్పుడు అమ్మకి 71. కింద వాటా అద్దెకిచ్చేసి అమ్మ మంచం వెనక వసారాలో వేశారు. సంక్రాంతికి వెళ్తే బీరువా తాళాలు కూడా అమ్మ దగ్గర లేవు, నాలుగు చీరలు ప్లాస్టిక్ సంచిలో మడతపెట్టి మంచం కింద పెట్టుకుంది, బీపీ మాత్రలు అయిపోయి పది రోజులైందంట, కోడల్ని అడగటానికి మొహమాటం. మాతో హైదరాబాద్ వచ్చెయ్యమంటే మీ నాన్న కట్టిన ఇల్లు వదిలి రాను అంటుంది. తెలిసిన లాయర్ గారేమో గిఫ్ట్ ఇచ్చాక ఇంకేం లేదు, సివిల్ కోర్టుకెళ్తే ఏళ్ళు పడుతుంది అన్నారు. నాకు వాటా వద్దండి, అమ్మకి ఆ ఇంట్లో గది కావాలి అంతే.

దస్తావేజుల బాబాయ్:
అమ్మాయ్, ముందు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో నకలు తీసుకుని మొత్తం చదువు. మామూలుగా గిఫ్ట్ ఇచ్చాక మనసు మారిందని వెనక్కి తీసుకోడానికి లేదు, మీ లాయర్ గారు చెప్పింది అదే. కానీ 2007లో వచ్చిన తల్లిదండ్రుల పోషణ చట్టంలో సెక్షన్ 23 ఉంది. 60 దాటినవాళ్ళు, తమని చూసుకోవాలనే షరతు మీద ఆస్తి రాసిచ్చాక అవతలివాళ్ళు చూడకపోతే ఆ గిఫ్ట్ చెల్లదని ట్రిబ్యునల్ ప్రకటించొచ్చు. చిక్కంతా ఆ షరతు దగ్గరే. 2022లో సుప్రీంకోర్టు ఒక కేసులో షరతు లేకపోతే ఈ సెక్షన్ వర్తించదంది. 2025 జనవరిలో ఊర్మిళా దీక్షిత్ కేసులో మాత్రం, అమ్మని చూసుకుంటానని కొడుకు రాసిచ్చిన కాగితం కూడా లెక్కలోకి తీసుకుని, ఇది పెద్దవాళ్ళ మేలు కోసం చేసిన చట్టం కాబట్టి ఉదారంగా చూడాలని చెప్పి గిఫ్ట్ రద్దు చేసింది. అందుకే ప్రతి లైనూ చదువు తల్లీ.

వరంగల్ అబ్బాయి:
అక్కా, మా పిన్నికి ఇదే జరిగింది, కోర్టుకి కాదు ఆర్డీఓ ఆఫీసుకెళ్ళాం, ట్రిబ్యునల్ అక్కడే. అర్జీ అమ్మ పేరు మీదే పెట్టాలి, తను తిరగలేకపోతే నువ్వు పెట్టొచ్చు, అమ్మ ఒప్పుకుంటే చాలు. ఆర్డీఓ గారు మా పిన్నిని పొద్దున ఏం తిన్నావమ్మా అని అడిగారు, ఆవిడ నిన్న రాత్రి అన్నంలో నీళ్ళు పోసుకుని తిన్నానయ్యా అంది, పిన్ని కొడుకు తలెత్తలేదు. ఇల్లు సంగతి తేలేలోపు నెలనెలా ఖర్చులకి కూడా అడగండి, చట్టంలో 10,000 దాకా ఉంది. మందుల చీటీలు, ఆ వసారా ఫోటోలు దాచిపెట్టు. ఎవరిని అడగాలో తెలీకపోతే 14567కి ఫోన్ చెయ్యి, పెద్దవాళ్ళ కోసం పెట్టిన నంబరది.

తెనాలి ఆడపడుచు:
నకలు వచ్చింది బాబాయ్ గారూ. మూడో పేజీలో "నా శేషజీవితము నన్ను పోషించి నా యోగక్షేమములు చూచుకొనవలెనని" అని ఉంది! చదివి వినిపిస్తే అమ్మ ఏడ్చింది. అన్నయ్యని పోలీసులు పట్టుకెళ్తారేమో, వద్దమ్మా అంటోంది. ఇంకో అరెకరం పొలం అమ్మ పేరు మీదే ఉంది, దాన్నేం చేయాలి?

దస్తావేజుల బాబాయ్:
ఆ ముక్క చాలా గట్టిది. ఈ అర్జీ దస్తావేజు రద్దు గురించి, పోలీసు కేసు కాదు, అమ్మకి ఆ మాట నిదానంగా చెప్పు. పొలం మాత్రం బతికుండగా ఎవరికీ రాసివ్వొద్దు, నీక్కూడా. వీలునామా రాయించు, ఇద్దరు సాక్షుల సంతకాలుంటే చెల్లుతుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాకపోయినా చేయిస్తే మంచిది, ఎప్పుడు కావాలంటే అప్పుడు మార్చుకోవచ్చు. రేపే ఇంటి ఈసీ, అంటే ఆ ఇంటి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపించే కాగితం కూడా తీయించు, మీ అన్నయ్య దాన్ని ఎక్కడైనా తనఖా పెట్టాడేమో చూసుకుని అప్పుడు అర్జీ రాద్దాం.