వర్తక కంపెనీ పట్టా నుంచి ఎన్నికైన సభ ఎలా పుట్టింది?

ప్రశ్న (చరిత్ర పాఠకుడు):
అందరికీ నమస్కారం. 1607లో అమెరికా తీరంలోని వర్జీనియాలో జేమ్స్‌టౌన్‌ను స్థాపించిన వర్జీనియా కంపెనీకీ, 1611లో మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టిన ఈస్టిండియా కంపెనీకీ ఇంగ్లండ్ రాజ్యాధినేతలు ఇచ్చిన పట్టాలే (హక్కులు, పాలన పద్ధతి చెప్పే అధికార పత్రాలే) ఆధారం. సర్ థామస్ స్మైత్ అనే లండన్ వర్తకుడు ఈ రెండింటికీ నాయకత్వం వహించాడు. అయినా మచిలీపట్నంలో గిడ్డంగులు, గుమాస్తాలతో సరిపోగా, వర్జీనియాలో 12 ఏళ్లకే ఎన్నికైన ప్రతినిధుల సభ కొలువుదీరింది. లాభం కోసం పుట్టిన కంపెనీ తన అధికారాన్ని ఎందుకు పంచుకుంది? న్యూ ఇంగ్లండ్‌లోనూ ఇలాగే జరిగిందా?

జవాబు 1 (తీరవాసి):
కంపెనీ ఉదారంగా అధికారాన్ని పంచలేదండి. వలస వచ్చే మనుషులు కరవై పంచింది. మచిలీపట్నంలో గోల్కొండ సుల్తానుల పాలన, నేతగాళ్లు, సరుకు అన్నీ ముందే ఉన్నాయి కనుక కొనుక్కొని ఓడలకెక్కించడమే పని. వర్జీనియాలో సరుకు పండించే చేతులను కూడా సముద్రం దాటించాలి.

మొదట్లో ప్రాతినిధ్యం మాటే లేదు. 1606 పట్టా ప్రకారం రాజు నియమించిన మండలి లండన్‌లో ఉండేది. స్థానిక మండలి సభ్యుల పేర్లను ముద్ర వేసిన పెట్టెలో పెట్టి ఓడలో పంపారు. ఆ మండలి తగవులతోనే గడిపి, తన తొలి అధ్యక్షుడు వింగ్‌ఫీల్డ్‌ను అదే ఏడాది పదవి నుంచి తొలగించింది. 1609 పట్టా దాని స్థానంలో పూర్తి అధికారాలు గల గవర్నరును తెచ్చింది గానీ, ఆయన చేరేలోపే వచ్చిన చలికాలపు కరవులో కొన్ని వందల మందిలో 60 మంది దాకా మాత్రమే మిగిలారు. 1611 నుంచి థామస్ డేల్ అమలు చేసిన సైనిక శాసనాల్లో తోటలో కంకులు దొంగిలించినా మరణశిక్షే. క్రమశిక్షణ వచ్చింది, కానీ ఈ కబుర్లు విన్నాక ఇంగ్లండ్ నుంచి ఎవరు ఇష్టపడి వస్తారు?

వలసదారుడు జాన్ రోల్ఫ్ ప్రయోగాలతో పొగాకు దారి చూపాక మనుషుల అవసరం ఇంకా పెరిగింది. అందుకే 1618లో కంపెనీ కొత్త ఆదేశాలు ఇచ్చింది: సొంత ఖర్చుతో వచ్చినా, మరొకరి ప్రయాణ ఖర్చు భరించినా తలకు 50 ఎకరాలు, సైనిక శాసనాల బదులు ఇంగ్లండ్ తరహా న్యాయం, ఒక సభ. గవర్నర్ యార్డ్‌లీ, ఆయన మండలి, 22 మంది ప్రతినిధులు 1619 జులై 30న జేమ్స్‌టౌన్ చర్చిలో కూర్చున్నారు. కాలనీ చట్టాలకు లోబడనక్కరలేదని తన భూమి పట్టాలో రాయించుకున్న తోట యజమాని జాన్ మార్టిన్ పంపిన ప్రతినిధులను ఆ సభ చేర్చుకోలేదు. నాకు ఈ తొలి సమావేశంలో అన్నిటికన్నా గొప్పగా తోచేది ఆ నిర్ణయమే. అయితే సభ చేసిన చట్టాలను తిరస్కరించే అధికారం గవర్నరుకు ఉండేది, లండన్‌లో కంపెనీ ఆమోదమూ కావాలి.

జవాబు 2 (పాత పటాలు):
న్యూ ఇంగ్లండ్‌లోని మసాచుసెట్స్ కథ వేరు. అక్కడ కంపెనీయే ఓడెక్కి వచ్చింది. 1629 పట్టాలో గవర్నరు, ఉప గవర్నరు, 18 మంది సహాయకులు, వాటాదారులు ఏడాదికి నాలుగుసార్లు సర్వసభ్య సమావేశం జరపాలని ఉంది గానీ, ఎక్కడ జరపాలో లేదు. ఆ ఖాళీని పట్టుకొని కంపెనీలోని జాన్ విన్‌థ్రాప్ తదితరులు, పట్టాతో సహా పాలనను తరలిస్తేనే వలస వెళ్తామని 1629 ఆగస్టులో ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌లో ఒప్పందం చేసుకొని మరుసటి ఏడు బయలుదేరారు.

అలా వాటాదారుల సమావేశమే శాసనసభగా మారింది. ఓటు మాత్రం 1631 నుంచి చర్చి సభ్యులైన పురుషులకే పరిమితం. విన్‌థ్రాప్, సహాయకులు శాసనాధికారాన్ని తమ చేతుల్లోనే ఉంచుకోజూశారు. కోట గోడ ఖర్చుకు వేసిన పన్నుపై 1632లో వాటర్‌టౌన్ అనే ఊరి వాసులు అభ్యంతరం తెలిపారు. 1634లో ఊళ్ల ప్రతినిధులు పట్టా చూపమని పట్టుబట్టి, చట్టాలు చేసే హక్కు సర్వసభ్య సమావేశానిదేనని కళ్లారా చదువుకున్నారు. ఆనాటి నుంచి ఊళ్ల ప్రతినిధులకు అందులో స్థానం దక్కింది. ఆ ఏడాది ఎన్నికలో విన్‌థ్రాప్ గవర్నరు పదవిని కోల్పోయాడు.

జవాబు 3 (నదీతీరం):
పై వివరాలతో ఏకీభవిస్తూనే ఒక విషయం చేర్చాలి. వర్జీనియా సభ కూర్చున్న నేల అక్కడి మూలవాసులైన పౌహాటన్ ప్రజలది. సభ ముగిసిన కొద్ది వారాలకే, అదే 1619 ఆగస్టులో, బందీలైన 20 మందికి పైగా ఆఫ్రికన్లను వర్జీనియాలోని పాయింట్ కంఫర్ట్ రేవులో దించి తిండి సామగ్రికి మారకం వేశారు. తలకు 50 ఎకరాల పద్ధతి వలసదారులను రప్పించినంత వేగంగా పౌహాటన్ల భూమినీ మింగింది; 1622 మార్చిలో వారు తిరగబడినప్పుడు 347 మంది ఆంగ్లేయులు మరణించారు. ప్రాతినిధ్యం పుట్టుక గురించి రాసేటప్పుడు ఈ సంగతులను అడుగున వేసే సూచికలకు వదిలేయకూడదు.

చరిత్ర పాఠకుడు:
ధన్యవాదాలు. 1624లో వర్జీనియా కంపెనీ పట్టా రద్దయ్యాక సభ ఏమైంది?

తీరవాసి:
పట్టాతో పాటు సభకు ఉన్న చట్టబద్ధమైన ఆధారమూ పోయింది. కానీ రద్దుకు కొద్ది నెలల ముందే ఆ సభ, తన సమ్మతి లేకుండా గవర్నరు పన్ను వేయరాదని తీర్మానించింది. రాజు నియమించిన గవర్నర్లకు కూడా తోటల యజమానుల సహకారం లేనిదే పాలన సాగలేదు, కాబట్టి వారిని పిలుస్తూనే వచ్చారు. చివరకు 1639లో చార్లెస్ రాజు ఏటా సభను సమావేశపరచాలని గవర్నర్ వయట్‌కు ఆదేశమిచ్చాడు.