ఇరుగుపొరుగును దగ్గర చేసిన పాట, ఆట: మీ అనుభవాలు పంచుకోండి

నిజాంపేట నివాసి:
మాది హైదరాబాదులో 48 ఇళ్ల అపార్ట్‌మెంటు. ఆరేళ్లుగా ఇక్కడే ఉంటున్నా, ఎదురింటివారి పేరు తలుపు మీది పలక చూస్తే తప్ప నాకు గుర్తుకు రాదు. పోయిన వినాయక చవితికి చందాలు పోగుచేసి బయటి నుంచి ఆర్కెస్ట్రాను పిలిపించాము. వారు బాగానే పాడారు కాని, మావాళ్లు చాలామంది బాల్కనీలలో నిలబడి విని, ప్రసాదం పొట్లాలు తీసుకొని లోపలికి వెళ్లిపోయారు. మర్నాడు లిఫ్టులో మళ్లీ ఎవరి ఫోను వారిదే. సంగీతమో, నృత్యమో, నాటకమో మీ వీధివారిని నిజంగా కలిపి ఉంటే, అది ఎలా మొదలైందో, ఎక్కడ చిక్కు వచ్చిందో వివరంగా రాయగలరు.

గోదావరి కోలలు:
కాకినాడలో మా వీధి ఆడవాళ్లం అయిదేళ్లుగా కోలాటం ఆడుతున్నాము. నా అనుభవంలో మమ్మల్ని కలిపింది పండుగనాటి ప్రదర్శన కాదు, దానికి ముందు రెండు నెలలు సాగే సాధన. కోలాటానికి సరిసంఖ్య కావాలి. ఎదురుగా నిలిచి కోల కలిపే మనిషిని ఉద్ది అంటాము. ఒక్కరు రాకపోయినా, ఆమె ఉద్ది గాలిలో కోల కొట్టవలసి వస్తుంది. కాబట్టి సాయంత్రం ఆరు దాటిందంటే ఎవరో ఒకరు వెళ్లి రానివారి తలుపు తట్టక తప్పదు. ఒకసారి అలా వెళ్లినప్పుడే, ఒంటరిగా ఉండే ఒక పెద్దావిడ రెండు రోజులుగా జ్వరంతో మంచం దిగలేదని తెలిసింది. పక్క గోడ నాదే అయినా అంతవరకు నాకు తెలియకపోవడం ఈనాటికీ సిగ్గుగానే ఉంటుంది.

కోలాటంలోనే జడకోపు అనే ఆట మరీ గట్టి పరీక్ష. పైనుంచి వేలాడే తాళ్లను ఒక్కొక్కరు ఒక్కొక్కటి పట్టుకొని, ఆడుతూ జడగా అల్లి, మళ్లీ వెనక్కి అడుగులు వేస్తూ విప్పాలి. ఒక్కరు ఎడమకు బదులు కుడికి తిరిగితే జడ ముడిపడిపోతుంది, ఆట ఆగిపోతుంది. తప్పు ఎవరిదో తేల్చడానికి పట్టే పావుగంటలో మేము చెప్పుకొన్నన్ని కబుర్లు మరెప్పుడూ చెప్పుకోలేదు.

చిక్కు చీరల దగ్గర వచ్చింది. అందరికీ ఒకే రకం పట్టుచీర ఉండాలని కొందరు పట్టుబట్టడంతో, అంత ఖర్చు పెట్టలేని ముగ్గురు మానుకున్నారు. ఇంట్లో ఉన్న ఏ పసుపు చీర అయినా సరేనని నిర్ణయించాక ఇద్దరు తిరిగి వచ్చారు. మూడో ఆవిడ రాలేదు.

కరీంనగర్ గునుగు:
పైవారు చెప్పిన సాధన మాట బతుకమ్మకూ వర్తిస్తుంది. మా దగ్గర అమావాస్యనాటి ఎంగిలిపూల బతుకమ్మ మొదలు సద్దుల బతుకమ్మ దాకా తొమ్మిది రోజులూ పని ఉంటుంది. గునుగు పూలు కోసుకు రావాలి, వాటికి రంగు అద్దాలి, తంగేడు ఎవరి పొలం గట్టున పూసిందో కనుక్కోవాలి. పూలు పేర్చేటప్పుడు ఒకరి వాకిట్లో మిగిలిన కట్ల పూలు ఇంకొకరి తాంబాలంలోకి చేరుతాయి. పాటలో ఒకరు చరణం అందుకుంటే మిగిలినవారు ఉయ్యాలో అని పలుకుతారు. గొంతు బాగాలేనివారికీ అందులో చోటుంటుంది.

నాకున్న ఫిర్యాదు డీజే గురించే. మా కాలనీలో మూడేళ్ల క్రితం పెద్ద పెట్టెలు తెచ్చి రికార్డు పాటలు పెట్టారు. పాట అందుకునేవారు లేక మా అత్తమ్మ తరంవాళ్లు కుర్చీలలో కూర్చుండిపోయారు. పోయినేడు పట్టుబట్టి ఆపించినం. తెలిసిన పాటలు నాలుగే అయినా నోటితోనే పాడుకున్నాము.

లెక్కల మాస్టారు:
డీజే మాట వచ్చింది కనుక ఒక సంగతి చెబుతాను. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియంత్రణ నియమాల ప్రకారం బహిరంగ స్థలాలలో రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకర్లు వాడరాదు. నివాస ప్రాంతాలలో పరిమితి పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు. ధనుర్మాసంలో తెల్లవారకముందే సంకీర్తనకు బయలుదేరేవారు మైకు వదిలి తాళాలతో సరిపెట్టుకుంటే, పరీక్షలకు చదువుకునే పిల్లలున్న ఇళ్లతో తగవు రాదు.

మైలాపూరు కోడలు:
మాది ఒంగోలు, మెట్టినది చెన్నై. ఏటా పుష్య బహుళ పంచమికి తిరువైయారులో త్యాగరాజస్వామి ఆరాధనలో పంచరత్నాలను అందరూ కలిసి పాడుతారు కదా, మా అపార్ట్‌మెంటులోనూ ఆ నెలంతా ఒక మామీ ఇంట్లో గోష్ఠి సాధన జరుగుతుంది. ఆమె పుస్తకంలో తెలుగు సాహిత్యం తమిళ లిపిలో ఉంటుంది. ఆ లిపిలో క, ఖ, గ, ఘ లన్నింటికీ ఒక్కటే అక్షరం కనుక, పక్కన చిన్న అంకెలు వేసి తేడా చూపుతారు. మొదటిరోజే ఆమె నన్ను పక్కన కూర్చోబెట్టుకొని, నలభై ఏళ్లుగా పాడుతున్న ఒక చరణానికి అర్థం చెప్పమన్నారు. తెలుగు నా మాతృభాష, అయినా నాకు సగమే తెలిసింది. ఆ రాత్రి ఒంగోలులో మా నాన్నగారికి ఫోను చేసి అడిగి, మర్నాడు వెళ్లి చెప్పాను. రాగం ఆమె నేర్పుతారు, మాట నేను విడదీస్తాను. అక్కడ నాకు దొరికిన మొదటి స్నేహం అదే.

అనంత చెక్కలు:
అందరూ దేవుడి పాటల గురించే రాస్తున్నారు. మీ అపార్ట్‌మెంటులో వేరే మతంవారు ఉంటే వారి మాటేమిటి? మా అనంతపురం జిల్లాలో రామాలయం ముందు గజ్జెలు కట్టి చెక్కభజన ఆడేవారే పీర్ల పండుగ (మొహర్రం) నాడు నిప్పుల గుండం చుట్టూ అలాయి తొక్కుతారు, అంటే అడుగులు వేస్తూ ఆడుతారు. గూగూడులో కుళ్లాయిస్వామి అనే పీరు దగ్గరకు వెళ్లి చూస్తే హిందువులే ఎక్కువమంది కనిపిస్తారు. అది తరాలుగా కుదిరిన పొత్తు, పట్నంలో ఒక్కరోజులో రాదు. పాట ఏదైనా, మొదట అందరినీ అడిగి ఎంచుకోండి. మా ఊళ్లోనే ఒకప్పుడు భజన గుడి అరుగు ఎక్కనివ్వక కొందరిని కిందనే నిలబెట్టేవారని మా తాత చెప్పేవాడు. పాట దానంతటదే మనుషులను కలిపేస్తుందని నేను ఒప్పుకోను.

నిజాంపేట నివాసి:
అందరికీ ధన్యవాదాలు. అనంత చెక్కలు గారి మాట విని, వాట్సాప్‌లో కాక నోటితోనే అడుగుదామని మొన్న ఇంటింటికీ వెళ్లాను. కోలాటానికి మగవారితో సహా పదకొండు మంది ఒప్పుకున్నారు. మా ఎదురింటి తలుపు మాత్రం రెండుసార్లు తట్టినా తెరుచుకోలేదు, ఆదివారం మళ్లీ వెళ్తాను. వారు రాకపోతే పన్నెండో చోటు ఎలా నింపాలి? పార్కింగు స్తంభాల మధ్య గుండ్రంగా నిలవడం కుదురుతుందా? కోలలు ఎంత పొడవుండాలి?

గోదావరి కోలలు:
కోలలు మూరెడు చాలు, పిల్లలకు ఇంకాస్త పొట్టివి కోయించండి. స్తంభాల మధ్య ఆడవద్దు, మోచేతులు తగులుతాయి, మేడ మీదకు వెళ్లండి. పన్నెండోవారు దొరికేదాకా వాచ్‌మన్ గారి భార్యను అడగండి. మా వీధిలో అడుగు తప్పనిది మా వాచ్‌మన్ గారి భార్య ఒక్కతే.