చిన్నపిల్లలతో వైజాగ్‌లో ఫ్యామిలీ ఫ్రెండ్స్ ఇంటికి వెళ్తున్నాం, సలహాలు కావాలి

మియాపూర్ అమ్మ:
అందరికీ నమస్తే. డిసెంబర్ చివర్లో హైదరాబాద్ నుంచి వైజాగ్ వెళ్దామనుకుంటున్నాం. మా ఆయనకి మొదటి ఉద్యోగంలో సీనియర్ ఒకాయన ఉన్నారు, ఇప్పుడు సొంత అన్నలాంటివారు, ఆయనా వదినా ఎప్పటినుంచో రమ్మంటున్నారు, హోటల్లో దిగుతామంటే నిజంగానే బాధపడతారు. మా పెద్దాడికి నాలుగున్నరేళ్లు. చిన్నదానికి పద్నాలుగు నెలలు, ఈమధ్యే నడక వచ్చింది, చేతికి ఏది దొరికినా నోట్లోకే. వాళ్ల పిల్లలేమో కాలేజీకి వచ్చేశారు, అంటే ఆ ఇంట్లో చిన్నపిల్లలు తిరిగి చాలా ఏళ్లయింది. వదిన వాళ్ల అత్తగారు కూడా అక్కడే ఉంటారు, ఆవిడకి షుగర్, బీపీ. మా చిన్నది రాత్రిపూట లేచి గట్టిగా ఏడుస్తుంది, పెద్దావిడ నిద్ర పాడవుతుందని నాకు టెన్షన్. కారులో వెళ్లాలా ట్రైన్లోనా? తిండి సంగతి ఎలా చెప్పాలి? అరకు కూడా చూపిస్తామంటున్నారు, ఒప్పుకోవచ్చా?

రైలు నాన్న:
ట్రైనే మేలండి. కారులో ఆరొందల కిలోమీటర్లకి పైనే, పిల్లల కోసం ఆగుతూ వెళ్తే రోజంతా రోడ్డు మీదే గడిచిపోతుంది. రాత్రి బండ్లలో గోదావరి ఎక్స్‌ప్రెస్ అయితే సాయంత్రం ఎక్కి తెల్లవారుజామున దిగుతారు, పిల్లలు నిద్రలోనే ఉంటారు. వందేభారత్ ఎనిమిదిన్నర గంటల్లో తీసుకెళ్తుంది కానీ అందులో అన్నీ కుర్చీలే, పడుకోబెట్టడానికి కుదరదు, పైగా సికింద్రాబాద్‌లో మధ్యాహ్నం బయలుదేరేది అర్ధరాత్రికి దగ్గరపడి చేరుతుంది, ఆ వేళకి ఒకరింటి తలుపు కొట్టడం వాళ్లకీ మీకూ కష్టమే.

ఐదేళ్లు నిండని పిల్లలకి టికెట్ అక్కర్లేదు, కాకపోతే బెర్త్ ఉండదు. అందుకని మీరు పెద్దాడికి కూడా పూర్తి ఛార్జీ పెట్టి బెర్త్ తీసుకోండి. థర్డ్ ఏసీ బెర్త్ మీద ఒక పెద్దమనిషి, కాళ్లు తన్నే నాలుగున్నరేళ్ల పిల్లాడు కలిసి పడుకుంటే ఇద్దరికీ నిద్ర ఉండదు. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది, డిసెంబర్ ఆఖరి వారం టికెట్లు చాలా తొందరగా అయిపోతాయి, వచ్చేటప్పటి టికెట్ కూడా ఆ లెక్కన చూసుకుని పెట్టుకోండి. లోయర్ బెర్త్ ఒక్కటైనా దొరికితే చిన్నదాన్ని గోడ వైపు పడుకోబెట్టి మీరు బయటి వైపు పడుకోవచ్చు.

విశాఖ గృహిణి:
నేను మీ వదిన స్థానం నుంచి చెప్తాను, ఎందుకంటే మా ఇంటికి ఏటా ఇలా చిన్నపిల్లలతో స్నేహితులు వస్తుంటారు. మాకు నిజంగా ఇబ్బంది అనిపించేది పిల్లల ఏడుపో, సోఫా మీద పడిన పాలో కాదండి. వచ్చినవాళ్లు మొహమాటపడి ఏమీ చెప్పకపోవడం. అన్నీ వండి పెట్టాక పాపకి కారం పడదని తెలుస్తుంది, అప్పుడు మళ్లీ పొయ్యి వెలిగించాలి, ఈలోపు పిల్ల ఆకలికి ఏడుస్తుంది, తల్లి సారీలు చెప్తూ ఉంటుంది. అదే ముందురోజు ఫోన్ చేసి "వదినా, దీనికి ఉప్పు తక్కువగా మెత్తటి పప్పన్నం చాలు, కుక్కర్లో చిన్న గిన్నె పెడితే అయిపోతుంది, రాగిజావ పొడి నేనే తెస్తున్నా" అంటే మాకు ఎంత తేలికో!

పెద్దావిడ విషయం కూడా అంతే, సూటిగా అడగండి. ఆవిడ గదికి దూరంగా ఉన్న గది ఇవ్వగలరా, కుదరకపోతే హాల్లో పరుపు వేసుకుంటాం అని చెప్పండి. షుగర్ ఉన్నవాళ్లు వేళకి తినాలి, మీ పిల్లల హడావిడిలో ఆవిడ భోజనం ఆలస్యం కాకుండా మీరే గుర్తుపెట్టుకుంటే మీ వదిన మనసులో మీ స్థానం ఎక్కడికో వెళ్తుంది.

ఇంకో ముఖ్యమైన మాట. ఆవిడ మాత్రలు ఎక్కడ పెడతారో చేరిన గంటలోపే అడగండి. దిండు పక్కన, టీవీ కింద, కిటికీ గట్టు మీద, పెద్దవాళ్లు చేతికందేట్టు పెట్టుకుంటారు, అది మీ చిన్నదానికీ అందుతుంది. కొన్ని రకాల షుగర్ మాత్రలు ఒక్కటి మింగినా పసిపిల్లలకి ప్రాణాపాయం. అలాగే బాత్రూంలో నింపి ఉంచిన బకెట్లు, మా ఊళ్లో చాలా ఇళ్లలో నీళ్లు పట్టి పెట్టుకుంటాం, రాత్రిళ్లు ఆ తలుపు గడియ వేసే ఉండాలి. బాల్కనీ గ్రిల్, దోమల మందు ప్లగ్గు కూడా చూసుకోండి. ఇవి అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు.

తెల్లవారి బండికి వస్తే మీ అన్నయ్యగారిని చీకట్లో స్టేషన్‌కి రప్పించకండి, క్యాబ్ దొరుకుతుంది.

మియాపూర్ అమ్మ:
చాలా థాంక్స్ అండీ, మాత్రల సంగతి నాకు తట్టనే లేదు. మందులు ఏం పట్టుకెళ్లాలి? అరకు గురించి కూడా ఎవరైనా చెప్పండి ప్లీజ్.

కాకినాడ నర్సు:
మీ పిల్లల డాక్టర్ రాసిచ్చిన జ్వరం మందే, అదే సీసా పట్టుకెళ్లండి, డోసు బరువుని బట్టి రాయించుకోండి. పారాసెటమాల్ డ్రాప్స్ సిరప్ కంటే బాగా చిక్కగా ఉంటాయి, అక్కడ సిరప్ బదులు డ్రాప్స్ కొని అన్నే ఎంఎల్ పోస్తే ఓవర్‌డోస్ అవుతుంది. ఓఆర్‌ఎస్ పౌడర్ ప్యాకెట్లు ఉంచుకోండి, పెద్ద ప్యాకెట్ మొత్తం లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో కలపాలి, కొంచెం కొంచెం పొడి తీసి గ్లాసులో కలపకూడదు, 24 గంటల తర్వాత మిగిలింది పారబోయాలి. టెట్రా ప్యాక్ తీపి డ్రింకులు దానికి బదులు కావు. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి పోరాడాక 2025 అక్టోబర్‌లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అలాంటి వాటి మీద ఓఆర్‌ఎస్ అన్న పేరే వాడొద్దని చెప్పింది.

విశాఖ గృహిణి:
అరకు ఈసారికి వద్దనే నా అభిప్రాయం. ట్రైన్లో సొరంగాలు పిల్లలకి బ్రహ్మాండంగా ఉంటాయి, నిజమే, కానీ పొద్దున్నే లేపాలి, డిసెంబర్‌లో పైన చలి, జనం. బొర్రా గుహల్లో మెట్ల మీద చిన్నదాన్ని ఎత్తుకునే తిరగాలి. కారులో దిగితే ఘాట్ మలుపులకి వాంతులు. మీరు వెళ్తున్నది వాళ్లతో గడపడానికి కదా, ఆ రోజంతా ప్రయాణంలోనే గడిచిపోతుంది.

దానికి బదులు ఒక పూట జూ, సోమవారం సెలవు. ఒక సాయంత్రం ఆర్కే బీచ్‌లో ఇసుక ఆటలు, నీళ్లలోకి మాత్రం దింపొద్దు, అక్కడ అల వెనక్కి లాగేస్తుంది. పక్కనే కురుసుర సబ్‌మెరైన్, 2002 నుంచి మ్యూజియంగా ఉంది, మీ పెద్దాడికి బాగా నచ్చుతుంది. లోపల దారి ఇరుకు కాబట్టి వాణ్ని వాళ్ల నాన్నతో పంపి మీరు పాపతో బయట ఉండండి. మధ్యాహ్నం మాత్రం ఇద్దరూ ఇంట్లో పడుకోవాలి, ఆ నిద్ర తప్పితే సాయంత్రం అందరికీ నరకమే.

మియాపూర్ అమ్మ:
మా ఆయనకి చదివి వినిపించాను, అరకు మానేద్దామన్నారు. పెద్దాడికి బెర్త్ కూడా తీసుకుంటున్నాం. వదినకి రేపు మధ్యాహ్నం అత్తగారు పడుకున్నాక ఫోన్ చేసి గది సంగతి, పప్పన్నం సంగతి, మాత్రల సంగతి అన్నీ మాట్లాడతాను.